నెమో మనవాడని తెలిశాక

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరి పది రోజులైనా జవాబు రాయలేకపోయాను. ఇన్నాళ్ళూ నన్ను పట్టి ఉంచినది ఒక పిల్లల నవల. ఏడో తరగతిలో ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సముద్రగర్భ సాహసాన్ని, నాటిలస్ అనే జలాంతర్గామిలో తిరిగే కెప్టెన్ నెమో కథను, ఎవరో సంక్షిప్తం చేసిన ఆ అట్ట చిరిగిన పుస్తకాన్ని, నాతో వంతులవారీగా చదివినవాడివి నువ్వే కనుక ఈ సంగతి ముందుగా నీకే రాయాలనిపించింది. దాని పేరులోని ఇరవై వేల లీగులంటే సముద్రపు లోతని నువ్వు, అంత లోతైన సముద్రం భూమ్మీద ఉండదని నేను వారం రోజులు వాదించుకున్నాం. అది లోతు కాదు, నీటి కింద ప్రయాణించిన దూరం. లీగుకు నాలుగు కిలోమీటర్ల లెక్కన 80,000 కిలోమీటర్లు, అంటే భూమిని రెండుసార్లు చుట్టివచ్చినంత.

వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలు తన సంచిలోంచి తీసి ఇచ్చిన ఈ నవల పేరు ‘డాటర్ ఆఫ్ ద డీప్’. పురాణగాథలను నేటి పిల్లల సాహసాలుగా మలిచి పేరు పొందిన అమెరికన్ రచయిత రిక్ రియోర్డన్ దీనిని 2021లో వెలువరించారు. కథ కాలిఫోర్నియా తీరంలో, సముద్ర శాస్త్రజ్ఞులనూ నావికులనూ తీర్చిదిద్దే హార్డింగ్-పెన్‌క్రాఫ్ట్ అకాడమీలో మొదలవుతుంది. అక్కడ మొదటి సంవత్సరం చదువుతున్న ఆనా డక్కార్‌కు తల్లిదండ్రులు లేరు, అన్న దేవ్ ఒక్కడే దిక్కు. సంవత్సరాంతపు పరీక్ష కోసం తోటి విద్యార్థులతో బస్సులో బయలుదేరిన కొద్దిసేపటికే ఆమె కళ్ళముందు ఆ బడి సముద్రంలోకి కూలిపోతుంది. అది ప్రత్యర్థి విద్యాసంస్థ అయిన ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన దాడి. ఆ పుట దగ్గర మొదలుపెట్టి అర్ధరాత్రి దాటేదాకా నేను లేవలేదు.

వెర్న్ రాసినది కల్పన కాదని, నెమో నిజంగా బతికిన మనిషని, తాను ఆయన వంశంలో పుట్టిందని ఆనాకు తెలియడంతో అసలు కథ ఆరంభమవుతుంది. నెమో అసలు పేరు డక్కార్. ఆయన మధ్య భారతంలోని బుందేల్‌ఖండ్ రాకుమారుడు. మనం చదివిన సంక్షిప్త పుస్తకంలో ఈ మాట లేదు. నిజానికి 1869, 70 సంవత్సరాలలో ధారావాహికగా వచ్చిన మూలంలోనూ ఆయన దేశమేదో వెర్న్ చెప్పలేదు. మొదట ఆయన నెమోను రష్యా పాలనపై పగబట్టిన పోలండ్ ప్రభువుగా ఊహించుకున్నాడు గాని, రష్యాలో పుస్తకాల అమ్మకం దెబ్బతింటుందని ప్రచురణకర్త హెట్జెల్ అందుకు ఒప్పుకోలేదు. చివరికి 1875లో పూర్తయిన ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లో, మరణశయ్యపై ఉన్న నెమో నోట, తాను 1857 తిరుగుబాటులో ఆంగ్లేయులతో పోరాడి కుటుంబాన్ని పోగొట్టుకున్న భారతీయుణ్ణని చెప్పించాడు. అందులో నెమోను టిప్పు సుల్తాన్ మేనల్లుడిగా పేర్కొన్నారు. టిప్పు 1799లోనే మరణించాడు కనుక వయసుల లెక్క కుదరదు, అయినా ఆ బంధుత్వం కల్పించడంలో వెర్న్ ఉద్దేశం నాకు స్పష్టంగానే కనబడింది.

వెర్న్ చివరి పుటల్లో విప్పిన ఆ రహస్యాన్ని రియోర్డన్ తన కథకు ప్రాణంగా చేసుకున్నాడు. ఈ నవలలో నాటిలస్ ఒట్టి యంత్రం కాదు. దానికి జ్ఞాపకం ఉంది, అలక ఉంది, ఒంటరిగా వదిలేశారన్న కోపం ఉంది. నెమో రక్తం పంచుకున్నవారికి తప్ప అది లొంగదు. దానితో మాట్లాడటానికి ఆనాకు అక్కరకు వచ్చినది ఇంటి భాష అయిన బుందేలీ. బెదిరిన పశువును నిమిరినట్లు ఆ అమ్మాయి పూర్వీకుల భాషలో ఆ నౌకను బుజ్జగించే ఘట్టాలు చదువుతున్నప్పుడు నాకు గొంతు పట్టుకుపోయింది. నీ కూతురు అక్కడి బడిలో చేరాక తెలుగు మాట్లాడటం తగ్గించిందని నువ్వు బాధపడుతూ రాశావు కదా, ఆ పుటలు తనతో కలిసి చదువు.

మిగిలిన పాత్రలలో నాకు బాగా నచ్చినది ఎస్టర్. ఆటిజం ఉన్న ఆ అమ్మాయి ఆలోచించే తీరును రచయిత జాలితో కాక గౌరవంతో చిత్రించాడు. ఆమె కుక్క పేరు టాప్. అది ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లోని కుక్క పేరే. ఆ నవలలోని ఇంజనీరుకు వెర్న్ పెట్టిన పేరు సైరస్ స్మిత్ కాగా, పాత ఆంగ్లానువాదంలో అది హార్డింగ్‌గా మారింది. అకాడమీ పేరులో నిలిచినది ఆ మారిన పేరే. ఇలాంటివి పట్టుకున్నప్పుడల్లా, నువ్వు పక్కన ఉంటే చూపించేవాణ్ణి కదా అనుకున్నాను.

లోపాలు లేవని అనను. తొలి అధ్యాయాల్లో విద్యార్థుల పేర్లు, వారి విభాగాలు, ఆయుధాల వివరాలు మీదమీద పడి ఊపిరాడనివ్వవు. అంతకంటే పెద్ద లోటు, బుందేల్‌ఖండ్ భాష వినబడినంతగా ఆ నేల కనబడకపోవడం. ఆనా పూర్వీకుల ఊరిని ఒక్కసారి చూపించి ఉంటే ఆమె దుఃఖం మరింత లోతుగా తాకేది.

పుస్తకం ముగించిన మరుసటి ఆదివారం మేనకోడలిని విశాఖ రామకృష్ణా బీచ్‌కు తీసుకువెళ్ళి కురుసుర జలాంతర్గామిని చూపించాను. వెర్న్ నవల వెలువడటం మొదలైన 1869కి సరిగ్గా నూరేళ్ళకు, 1969 డిసెంబరులో, అది మన నౌకాదళంలో చేరింది. వెర్న్ ఊహించిన నాటిలస్ పొడవు 70 మీటర్లు, దీని పొడవు 91 మీటర్లు. అంత పొడవున్నా, లోపల గుండ్రటి ద్వారాల గుండా ఒంగి దూరుతూ, ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇరుకు పడకలు చూస్తూ నడిచిన ఆ అమ్మాయి, నెమో 12,000 పుస్తకాలు ఎక్కడ పెట్టుకున్నాడని అడిగింది. నేను చెప్పగలిగే సమాధానం లేకపోయింది. నీటి కింద ఇది కూడా నాటిలస్‌లాగే విద్యుత్తుతో నడిచేదని చెబితే మాత్రం బ్యాటరీలు ఎక్కడున్నాయో చూపించమని పట్టుబట్టింది.

ఆ రాత్రి వెర్న్ మూలాన్ని, ఈసారి పూర్తి అనువాదంలో, తిరిగి తెరిచాను. సింహళ తీరంలో ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుడిపై సొరచేప దూకబోగా నెమో బాకుతో దానికి ఎదురు నిలుస్తాడు. తరువాత ఆ మనిషి చేతిలో ముత్యాల సంచి పెట్టి వెళ్ళిపోతాడు. ఎందుకు కాపాడావని, నాటిలస్‌లో బందీగా ఉండి ఆ కథ చెప్పే ప్రొఫెసర్ విస్తుపోతే, అతడు అణచివేతకు గురైన దేశంవాడని, తానూ చివరి శ్వాస వరకు ఆ దేశానికి చెందినవాణ్ణేనని జవాబిస్తాడు. ఆనా కథ చదివి వచ్చాక ఆ జవాబు నాకు కొత్తగా వినిపించింది.

రెండు పుస్తకాలూ రేపు పోస్టులో పంపుతున్నాను. ముందు ఆ ముత్యాల అధ్యాయం చదివి, తరువాత ఆనా దగ్గరికి వెళ్ళు. నవల మా మేనకోడలిది కనుక బడి తెరిచేలోగా తిరిగి పంపాలి.

ఇట్లు,
నీ మిత్రుడు