మంత్రి గారూ, డాక్టరూ ఇంజనీరూ ఒకే ఊళ్లో ఉన్నారు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఎలక్ట్రానిక్స్‌లో ఎం.టెక్ అయ్యాక విజయనగరంలో ఉంటూ పీహెచ్‌డీకి తయారవుతున్నాను. చేయాలనుకున్నది న్యూరోటెక్నాలజీలో. మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను పట్టుకుని, మాట పడిపోయినవాళ్ల చేత రాయించడం, పక్షవాతంతో పడిపోయిన చేతిని మళ్లీ కదిలించడం ఇందులోని పనులు. ఎలాన్ మస్క్ పేరు ఎత్తితే తప్ప మా నాన్నకి నా చదువేమిటో అర్థం కాలేదు. 2024 జనవరిలో మస్క్ కంపెనీ న్యూరాలింక్ మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్ పెట్టిన సంగతి పేపర్లో చదివారట. "నువ్వూ అలాగే పుర్రెకి కన్నం పెడతావా?" అన్నారు. నాది ఆ దారి కాదు. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి తీసే ఈఈజీ చాలు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి మీద తీశాడు దాన్ని. కత్తితో పని లేదు.

కొత్త భవనం అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కూడా వద్దు. రిబ్బన్ కటింగ్ అయ్యాక లోపల కుర్చీలు తప్ప ఏమీ లేని గదులు ఈ రాష్ట్రంలో అందరూ చూశారు. నేను అడిగేది ముఖ్యంగా ఒక్క ఉత్తర్వు, అదీ మీరూ ఆరోగ్యశాఖ మంత్రి గారూ కలిసి ఇవ్వాల్సింది.

విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో వచ్చింది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో వచ్చింది. శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ 2008 నుంచీ ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన మాస్టారు, నరాల జబ్బులు చూసే డాక్టరు, రోగి - ముగ్గురూ ఆటోలో వెళ్లి కలుసుకునేంత దూరంలోనే ఉన్నారు. కానీ మాస్టారిది మీ శాఖ, డాక్టరుది ఇంకో శాఖ, ఆ కాలేజీ ఉండేది ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద. నాలాంటివాడికి ఇద్దరి దగ్గరా చదవాలని ఉంటే ఎవరికి అప్లికేషన్ పెట్టుకోవాలో చెప్పేవాళ్లు లేరు. రాష్ట్రంలో పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్‌లో న్యూరోటెక్నాలజీ అనే సబ్జెక్టు లేదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అని రాసి లోపలికి వెళ్లాక, గైడ్ గారు ఏదైనా ఆన్‌లైన్‌లో దొరికే డేటా దింపుకుని దాని మీదే థీసిస్ రాసెయ్యమంటారు. వాళ్ల తప్పు కాదు. ఆసుపత్రి వార్డులోకి తన విద్యార్థిని పంపే అధికారం ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌కి ఎక్కడుంది? మనుషుల మీద చేసే పరిశోధనకి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి, అలాంటి కమిటీ ఉండేది మెడికల్ కాలేజీలో. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే సంస్థ నుంచి కో-గైడ్‌ని పెట్టుకోవచ్చనే అంటున్నాయి. కాగితం మీద దారి ఉంది, దానికి తాళం తీసేవాళ్లు కావాలి.

బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్‌కో, ఐఐటీ హైదరాబాద్‌కో వెళ్లొచ్చు కదా అని మీ అధికారులు అనొచ్చు. సీటొచ్చినవాళ్లు వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. అయితే ఈ పనిలో రోగి ఎక్కడుంటే పరిశోధన అక్కడుండాలి. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. పాతపట్నం, మెళియాపుట్టి అవతలి ఊళ్ల నుంచి ఆ వేళకి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. చేరలేనివాళ్లలో ఎందరో చెయ్యి పడిపోయి ఇంటికెళ్తారు. వాళ్లకి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. చెయ్యి కదపాలని రోగి గట్టిగా అనుకుంటాడు, ఆ ప్రయత్నాన్ని ఈఈజీ పట్టుకుంటుంది, అదే క్షణంలో చేతికి తొడిగిన పరికరం వేళ్లు తెరుస్తుంది. అమెరికాలో ఇలాంటి పరికరానికి 2021లో అక్కడి మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దీన్ని వారాల తరబడి మళ్లీ మళ్లీ చేయించాలి. గజపతినగరం రైతు అందుకోసం బెంగళూరులో గది తీసుకుని ఉండలేడు. విజయనగరం బస్సెక్కి రాగలడు.

ఇక నా సొంత ప్రశ్న. 1988లో అమెరికాలో ఫార్వెల్, డొంచిన్ అనే ఇద్దరు కంప్యూటర్ తెర మీద ఆరు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలుగా అక్షరాలు పేర్చారు. వరసలు ఒక్కొక్కటే మెరుస్తుంటాయి. మనసులో ఉన్న అక్షరం మెరిసినప్పుడు, సెకనులో మూడో వంతు అటూఇటూగా మెదడు ఒక చిన్న సంకేతం ఇస్తుంది. దాన్ని పట్టుకుంటే చెయ్యి, నోరు ఆడనివాళ్లు కూడా రాయొచ్చు. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, 36 గళ్లలో సుఖంగా సరిపోయాయి. మనకి హల్లులే దాదాపు అన్ని ఉన్నాయి, ఆపైన అచ్చులు, గుణింతాలు, ఒత్తులు. "కృష్ణ" అని రాయడానికి క, ఋత్వం, ష, ణ ఒత్తు అన్నీ విడివిడిగా ఎంచుకోవాలి. ఒక్కోటి తేలడానికి వరసలు ఎన్నోసార్లు మెరవాలి, రోగి అంతసేపూ చూపు నిలపాలి. ముందు హల్లు, తరవాత దాని గుణింతం అని రెండు మెట్లు పెట్టాలా? లేక "నీళ్లు", "నొప్పి", "పక్కకి తిప్పు" లాంటి మాటల్నే గళ్లలో పెట్టాలా? దేవనాగరితో మన దేశంలో ప్రయత్నాలు జరిగాయి. తెలుగు వార్డులో రోజూ వాడే ఇలాంటి అక్షరాల పలక నేనింకా చూడలేదు. మన అక్షరమాల మీద పనిచేయాలని జర్మనీ వాడికి ఎందుకుంటుంది?

పరికరాలకి కోట్లు అక్కర్లేదు, లక్షల్లో అయిపోతుంది. అసలు కష్టాలు వేరు. ఈఈజీ సంకేతం వోల్టులో లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. ఎర్తింగ్ సరిగా లేని గదిలో దాని మీద 50 హెర్ట్జ్ కరెంటు రొద వచ్చి కూర్చుంటుంది. విజయనగరంలో సిరిమానోత్సవం జాతర రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఎవరిదో గుసగుస వినాలనుకోవడం లాంటిదది. మన ఆడవాళ్లు ఒత్తైన జడకి పట్టించే కొబ్బరినూనె ఇంకో అడ్డం. తలంటుకుని రమ్మని ముందే చెప్పాలి. చెప్పినా "ఏటి బాబూ, ఈ వైర్లేటి, కరెంటు కొడతాదా?" అని అడుగుతారు. వాళ్ల యాసలో కూర్చుని జవాబు చెప్పి, ఒప్పుకున్నాకే వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. ఇది చేయగలిగింది ఇక్కడి పిల్లలే.

సంతకం సంగతి ఊరికే అనడం లేదు. కిడ్నీ జబ్బు పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి రక్తం, నీళ్ల శాంపిళ్లు తీసుకెళ్లినవాళ్లు ఎంతోమంది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. మెదడు డేటా రక్తం కన్నా సున్నితమైంది. చిలీ దేశం 2021లో దాని రక్షణని రాజ్యాంగంలోనే రాసుకుంది. శ్రీకాకుళం రోగి డేటా ఎక్కడుండాలి, ఎవరి చేతిలో ఉండాలి అన్నది మీ ఉత్తర్వులో రెండు వాక్యాల్లో రాయించండి.

డబ్బు మాట కూడా చెప్పేస్తాను. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు. ఇంజనీరింగ్ వాళ్లకి యూజీసీ నెట్‌లో ఉన్నవి కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్ సైన్స్ మాత్రమే. అది రాకపోతే రాష్ట్ర యూనివర్సిటీలో చాలామంది పార్ట్ టైం క్లాసులు చెప్పుకుంటూ థీసిస్ ఈడుస్తారు. రెండు జిల్లాలకీ కలిపి ఏడాదికి నలుగురికి ఫెలోషిప్ ఇచ్చినా చాలు.

కాబట్టి నా విన్నపం ఇది. ఈ రెండు జిల్లాల ప్రభుత్వ మెడికల్ కాలేజీల డాక్టర్లు మన యూనివర్సిటీల పీహెచ్‌డీ విద్యార్థులకి కో-గైడ్లుగా ఉండొచ్చని, వారానికి ఒక పూట ఆ పనిని డ్యూటీగా లెక్కిస్తామని, వాళ్ల ఎథిక్స్ కమిటీ మా ప్రతిపాదనలు చూస్తుందని ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్‌కి ముందే వస్తే మేలు. నా రీసెర్చ్ ప్రతిపాదన సిద్ధంగా ఉంది. అందులో కో-గైడ్ పేరు రాయాల్సిన చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఒక ఎం.టెక్ పట్టభద్రుడు,
విజయనగరం

ప్రతి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి