లౌబర్‌హోర్న్ భారం వెంగెన్ ఒక్క ఊరే మోయాలా?

సంపాదకులకు నమస్కారం.

ఏటా జనవరి మధ్యలో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో జరిగే లౌబర్‌హోర్న్ స్కీ రేస్ గురించి మన పత్రికల్లో సాధారణంగా రెండే కనిపిస్తాయి. ఒకటి గెలిచినవాడి పేరు, రెండోది పడినవాడి ఫొటో. ఈసారి మీ పేజీలో ఒక పాఠకుడు మరో మాట కూడా రాశారు. ఇంత ఖర్చూ ఇంత ప్రమాదమూ ఉన్న రేస్‌ని రోడ్డు, పెద్ద హోటళ్లు ఉన్న ఇంకో చోటికి మార్చేస్తే సరిపోతుంది కదా అన్నారు. నేను కొన్నేళ్లుగా థూన్‌లో ఉంటున్నాను, వెంగెన్ మాకు దగ్గరే. ఆయన సలహాతో నేను ఏకీభవించలేను. ఎందుకో చెప్పాలంటే అసలు ఆ రేస్‌ని ఎవరు నడుపుతున్నారో ముందు చెప్పాలి.

వెంగెన్ జనాభా సుమారు 1,300. బయటి కారు ఆ ఊరికి రాదు. కింద లోయలో లౌటర్‌బ్రున్నెన్ దగ్గర బండి దిగి, 1893 నుంచి నడుస్తున్న పళ్ల పట్టాల రైలు ఎక్కాల్సిందే. యూంగ్‌ఫ్రౌయోఖ్ అనే మంచు కనుమ చూడటానికి వచ్చే తెలుగువాళ్లలో చాలామంది ఈ రైల్లోనే వెంగెన్ మీదుగా క్లైనె షైడెగ్ అనే పై స్టేషన్‌కి వెళ్తారు. కిటికీలోంచి ఫొటోలు తీసుకుంటూ వెళ్లే ఆ దారిలో ఒకచోట రేస్ ట్రాక్ సరిగ్గా పట్టాల కింద నుంచే పోతుంది. పైన రైలు, కింద ఇరుకు సందులోంచి దూసుకొచ్చే స్కీయర్. ఆ చోటు పేరు వాసర్‌స్టాట్సియోన్. వేసవిలో వెళ్తే అక్కడ మామూలు గడ్డి వాలు తప్ప ఏమీ కనపడదు, ఎవరూ చెప్పరు కూడా.

ఈ రేస్‌ని మొదలుపెట్టింది ప్రభుత్వమూ కాదు, కంపెనీ కూడా కాదు. 1925లో ఇంగ్లీషువాళ్లు వెంగెన్‌లో తమ స్కీ క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు, వాళ్ల పోటీలు వాళ్లు జరుపుకునేవాళ్లు. మన కొండ మీద మన కుర్రాళ్లు పాల్గొనే రేస్ ఒకటి ఉండాలని ఎర్నెస్ట్ గెర్చ్ అనే స్థానికుడు పూనుకున్నారు. 1930లో మొదటి లౌబర్‌హోర్న్ జరిగింది. డౌన్‌హిల్, అంటే కొండ పైనుంచి కిందికి పూర్తి వేగంతో దిగే పోటీ, గెలిచింది క్రిస్టియాన్ రూబి. స్లాలమ్, అంటే దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య వంకర్లు తిరుగుతూ దిగే పోటీ, గెలిచింది గెర్చే. రెండూ కలిపి లెక్కవేసిన కంబైన్డ్ మాత్రం బిల్ బ్రాకెన్ అనే ఇంగ్లీషు ఆటగాడు గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఏళ్లలోనూ ఇక్కడ రేస్ జరిగింది. వెంగెన్ వాడే అయిన కార్ల్ మోలిటోర్ 1939కి, 1947కి మధ్య ఆరుసార్లు డౌన్‌హిల్ గెలిచాడు. 1967లో స్కీ వరల్డ్ కప్, అంటే సీజనంతా ఊరూరా జరిగే రేసుల వరస, మొదలైనప్పుడు వెంగెన్ అందులో ఉంది. ఆ ఏడాది ఇక్కడ జాన్ క్లోద్ కిల్లీ గెలిచాడు. గెర్చ్ కొడుకు విక్టర్ గెర్చ్ దశాబ్దాల పాటు నిర్వాహక సంఘానికి అధ్యక్షుడిగా ఉండి 2013లో తప్పుకున్నారు. అంటే తండ్రి నాటిన చెట్టుకి కొడుకు నీళ్లు పోశాడు.

ఇక ఆ కొండ. మొదలు 2,315 మీటర్ల ఎత్తున, ముగింపు 1,287 మీటర్ల దగ్గర. పొడవు దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, వరల్డ్ కప్ డౌన్‌హిల్స్‌లో ఇంతకంటే పొడవైనది లేదు. మిగతా చోట్ల రెండు నిమిషాల్లోపే అయిపోయే పరుగు ఇక్కడ రెండున్నర నిమిషాలు పడుతుంది. 1997లో క్రిస్టియాన్ గెడీనా 2 నిమిషాల 24.23 సెకన్లలో దిగాడు, ఆ రికార్డు చాలా ఏళ్లు నిలిచింది. 2013లో యోహాన్ క్లారే ఈ ట్రాక్‌లోని హానెగ్ అనే వాలు దగ్గర గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. హుండ్‌షోప్ఫ్ అనే చోట ఒక పక్క బండరాయి, ఇంకో పక్క నెట్, మధ్యలో సన్నటి సందు. ఆ సందులోకి గురిపెట్టి గాల్లోకి ఎగరాలి. టీవీలో అది వెడల్పుగానే అనిపిస్తుంది. ట్రైనింగ్ రోజు కంచె పక్కన నిలబడి చూస్తే, ఆటగాడు కనపడకముందే మంచుగడ్డ మీద స్కీల గీత కరకరమని వినిపిస్తుంది. తల తిప్పేలోపు దాటి వెళ్లిపోతాడు.

మలుపుల పేర్లలో చరిత్ర అంతా ఉంది. 1954లో ఆస్ట్రియా ఆటగాళ్లు టోనీ సైలర్, మోల్టరర్ లాంటివాళ్లు వరసగా పడ్డ చోటు ఆస్ట్రియన్ గుంత అయింది. 1965లో యోస్ మిన్ష్ పడిన అంచుకి ఆయన పేరే పెట్టారు. 1976లో కెనడా కుర్రాళ్లు డేవ్ ఇర్విన్, కెన్ రీడ్ పడ్డది కెనడియన్ కార్నర్. 1997లో బ్రూనో కెర్నెన్ దొర్లిన మలుపు కెర్నెన్ ఎస్. ఆయనే 2003లో ఇదే కొండ మీద గెలిచాడు. గెలిచినవాళ్ల కంటే పడినవాళ్ల పేర్లే కొండకి ఎక్కువ పెట్టుకున్న ఊరు ఇది. అది నాకు నచ్చుతుంది.

ఇక ప్రమాదం మాట. ఆ పాఠకుడి ఆందోళన సరైనదే, దాన్ని కొట్టిపారేయను. చిట్టచివర వచ్చే రెండు మలుపుల్ని త్సీల్ ఎస్ అంటారు. అక్కడికి వచ్చేసరికి తొడల్లో సత్తువ ఉండదు, వేగం మాత్రం ఉంటుంది. 1991లో క్వాలిఫయింగ్‌లో గెర్నోట్ రైన్‌స్టాడ్లర్ అనే ఇరవై ఏళ్ల ఆస్ట్రియా కుర్రాడు అక్కడే నెట్‌లో చిక్కుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడు రేస్ రద్దు చేశారు. 2024లో అదే చోట నార్వేకి చెందిన అలెగ్జాండర్ ఆమోట్ కిల్డె ఘోరంగా పడి, పిక్క చీలి, భుజం దెబ్బతిని, మళ్లీ రేసుల్లోకి రావడానికి రెండేళ్ల దాకా పట్టింది. అయితే ఆ వారం ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికాలో రద్దయిన ఒక డౌన్‌హిల్‌ని తెచ్చి వెంగెన్ మీద పెట్టారు. గురువారం ఒక డౌన్‌హిల్, శుక్రవారం సూపర్-జి (డౌన్‌హిల్ కంటే కాస్త పొట్టిగా, ఎక్కువ మలుపులతో ఉండే పోటీ), శనివారం పూర్తి పొడవు డౌన్‌హిల్. దానికి ముందు ట్రైనింగ్ పరుగులు సరే సరి. ప్రపంచంలోనే పొడవైన ట్రాక్ మీద మూడు రోజులు వరసగా పరుగెత్తించాలన్నది క్యాలెండర్ వేసినవాళ్ల నిర్ణయం. దానికి కొండని తప్పుపట్టి ఏం లాభం? రద్దయిన రేసుల్ని వెంగెన్ వారంలో ఇరికించకూడదని ఒక నియమం పెడితే చాలు.

ఇప్పుడు డబ్బు సంగతి. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

వరల్డ్ కప్ రేస్ పెట్టే ఊరు బహుమతి డబ్బు ఇవ్వాలి, జట్లకి బస చూడాలి, ట్రాక్ తయారుచేయాలి. ట్రాక్ అంటే మంచు కప్పిన వాలు అనుకుంటాం. మొదటివాడు దిగినా నలభయ్యోవాడు దిగినా ఒకేలా ఉండాలంటే అది గట్టిపడాలి, మెత్తటి మంచు పనికిరాదు. అందుకని వారాల ముందు నుంచే కృత్రిమ మంచు కొట్టి, తొక్కి, నున్నగా చేస్తారు. రాత్రి కొత్త మంచు పడిందంటే ఊరివాళ్లకి టెన్షన్. తెల్లవారేలోపు అదంతా తీసేయాలి. వాలు మీద పదుల మంది స్కీలు అడ్డంగా పెట్టి జారుతూ పొడి మంచుని పక్కకి నెడతారు, పారలతో అంచులు సరిచేస్తారు, మళ్లీ పైకెళ్లి మళ్లీ మొదలుపెడతారు. వాళ్లలో వాలంటీర్లున్నారు, సైనికులున్నారు, పౌర రక్షణ దళం వాళ్లున్నారు. నెట్లు, స్తంభాలు, కెమెరాలు, కేబుళ్లు, తిండి, మంచినీళ్లు అన్నీ ఆ రైల్లోనో హెలికాప్టర్‌లోనో రావాల్సిందే. రోడ్డున్న ఊరికి లేని ఖర్చు ఇది. ట్రాక్ పొడవు కాబట్టి నెట్ ఎక్కువ, మనుషులు ఎక్కువ, కెమెరాలు ఎక్కువ.

టీవీ హక్కుల డబ్బు మాత్రం ముందు దేశ స్కీ సంఘానికి వెళ్తుంది. అందులోంచి ఊరికి వాటా వస్తుంది. ఆ వాటా చాలడం లేదని వెంగెన్ నిర్వాహకులు లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుదాకా వెళ్లారు. ఏటా ఇంకో పది లక్షల ఫ్రాంకులు అడుగుతున్నారని సంఘం చెప్పింది. 2020 మేలో సంఘం ఏం చేసిందంటే, 2021-22 సీజన్ నుంచి వెంగెన్‌ని దీర్ఘకాలిక క్యాలెండర్‌లోంచి తీసేయమని అంతర్జాతీయ స్కీ సమాఖ్యకి రాసింది. దేశమంతా గగ్గోలు పెట్టింది. కొన్ని వారాల్లోనే రాజీ కుదిరి రేస్ నిలబడింది. ఆపైన 2021 జనవరిలో ఊళ్లో కొవిడ్ పాకడంతో ఆ ఏడు రేస్ జరగనే లేదు. కానీ క్యాలెండర్‌లోంచి తీసేయండని ఉత్తరం రాయడానికి సంఘానికి అంత తేలిగ్గా చేతులొచ్చాయన్న సంగతి నేను మర్చిపోలేకపోతున్నాను.

సంఘం వాదనలోనూ పస ఉంది. టీవీ డబ్బుతోనే వాళ్లు పిల్లలకి శిక్షణ ఇస్తారు, అన్ని జట్లనీ నడుపుతారు. వెంగెన్‌కి ఎక్కువిస్తే వారం ముందు జెయింట్ స్లాలమ్ (స్లాలమ్ కంటే దూరదూరంగా మలుపులుండే పోటీ) జరిపే ఆడెల్‌బోడెన్ ఊరు కూడా అడుగుతుంది, ఇంకో ఊరు కూడా అడుగుతుంది. నిజమే, అడగనివ్వండి. ఒక్కో రేస్‌కి అయ్యే అసలు ఖర్చుని బట్టి వాటా కట్టడం కష్టమేమీ కాదు. ట్రాక్ పొడవెంత, రోడ్డుందా లేదా, ఎంత నెట్ కట్టాలి, ఇవన్నీ కొలవగలిగేవే. అందరికీ ఒకే లెక్క అన్నప్పుడు దెబ్బతినేది ఎక్కువ కష్టమైన కొండ ఉన్న ఊరే. కష్టమైన కొండ కాబట్టే శనివారం మధ్యాహ్నం స్విట్జర్లాండ్ అంతా టీవీ ముందు కూర్చుంటుంది. సంఘం అమ్ముకునేది కూడా దాన్నే.

మార్చేయమన్న పాఠకుడికి నా ప్రశ్న ఒకటే. ఏ కొండకి మారుస్తారు? హుండ్‌షోప్ఫ్ బండని రైలెక్కించి ఇంకో ఊరికి పంపలేరు. రోడ్డున్న చోట కొత్త డౌన్‌హిల్ పెట్టొచ్చు, అది బాగానే జరగొచ్చు కూడా. దానికి లౌబర్‌హోర్న్ అన్న పేరు మాత్రం పెట్టకూడదు.

మీకొక విన్నపం. వచ్చే జనవరిలో ఫలితాలు వేసేటప్పుడు విజేత పేరు పక్కనే నాలుగు లైన్లు చోటివ్వండి. ఆ ఏడు రేస్‌కి ఎంత ఖర్చయింది, టీవీ డబ్బులో ఊరికి ఎంత వచ్చింది, మిగతాది ఎవరు పెట్టుకున్నారు అన్నది అందులో వేయండి. ఆ లెక్క నిర్వాహకుల్ని అడిగితే తెలుస్తుంది. కావాలంటే అడిగి పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
థూన్, స్విట్జర్లాండ్ (స్వస్థలం తెనాలి)