నాన్నా, అది బదనిక కాదు

బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా,
నవంబరు 16

నాన్నా,

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మా పెరటి మేపుల్ చెట్టు చూసి, "దానికి బదనిక పట్టిందమ్మా, తీయించెయ్, లేకపోతే చెట్టు పోతుంది" అన్నావు. నాకు టెన్షన్ పట్టుకుంది. మర్నాడే కత్తి పట్టుకెళ్ళి గుప్పెడు పీకాను. పీకాకే తెలిసింది, మనం పొరబడ్డామని.

బదనిక వేరు కొమ్మలోకి ఎలా దిగుతుందో, కొమ్మతో సహా నరికితే తప్ప ఎందుకు వదలదో మన నూజివీడు తోటలో నువ్వే చూపించావు కదా. ఇదేమో నాచుతో పాటు తడి గోనెపట్టాలా ఊడి వచ్చేసింది. కింద బెరడు మీద ఒక్క గాటు లేదు. నాచులో పాకుతూ, వాన నీళ్ళూ ఆకులు కుళ్ళిన మట్టీ తిని బతుకుతుందంతే. బండల మీద కూడా ఇలాగే పెరుగుతుంది.

ఇదొక ఫెర్న్. లికరిస్ ఫెర్న్ అంటారు. ఆకు దువ్వెనలా ఉంటుంది, ఈనెకి రెండు వైపులా పళ్ళు. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కో పంటికీ ఆవగింజలంత గుండ్రటి చుక్కలు రెండు వరుసలు. వేలితో రాస్తే పసుపు పొడిలా అంటింది. పువ్వూ కాయా లేని మొక్క కదా, ఆ పొడితోనే మొలుస్తుంది.

పక్కింటి పెద్దావిడ చూసి, దాని దుంప కాస్త గీకి నమలమంది. పెన్సిలంత లావుంది. ముందు పసరు తగిలింది, ఆ వెంటనే అచ్చం అతిమధురం! లికరిస్ అంటే అదే. దగ్గొస్తే అమ్మ నా బుగ్గన పెట్టేదే, ఆ పుల్ల రుచి. కాసేపు అక్కడే నిలబడిపోయాను. అతిమధురానికీ దీనికీ చుట్టరికమేమీ లేదు, అది చిక్కుడు జాతిది. దీని తీపి పాలీపోడోసైడ్ అనే పదార్థం వల్ల, అది పంచదారకి సుమారు 600 రెట్లు తీపి. ఇక్కడి తీరంలోని ఆదివాసులు కూడా జలుబుకీ గొంతు నొప్పికీ ఈ దుంపే నమిలేవారట. అమ్మకి తప్పకుండా చెప్పు.

ఇక్కడ వేసవిలో వానలు బాగా తక్కువ. ఆగస్టులో మాను మీదివన్నీ ఎండి ముడుచుకుపోతే చచ్చిపోయాయనుకున్నాను. నీడన బండ మీదివి మాత్రం పచ్చగానే ఉన్నాయి. అక్టోబరు వానలు మొదలయ్యేసరికి మాను మీద కొత్త ఆకు లేచింది. సరిగ్గా అప్పుడే మేపుల్ ఆకులు రాలుస్తుంది, ఒక్కోటీ అడుగు వెడల్పు. దాంతో వీటికి వెలుతురు దొరుకుతుంది. ఇప్పుడు చెట్టంతా మోడు, మాను మాత్రం పచ్చగా ఉంది.

ఇంకోటి విను. నళినీ నాడ్కర్ణి అనే శాస్త్రవేత్త ఇక్కడి ఒలింపిక్ ద్వీపకల్పం అడవుల్లో తాళ్ళతో చెట్లెక్కి పరిశీలించారు. కొమ్మల మీద నాచు కింద పోగైన మట్టిలోకి మేపుల్ తన కొమ్మల నుంచే వేళ్ళు పెడుతుందని 1981లో రాశారు. అంటే పైన కూర్చున్నవి చెట్టుని తినడం లేదు నాన్నా, వాటి మట్టిలోంచి చెట్టే తింటోంది!

పీకిన గుప్పెణ్ణి నాచుతో సహా మళ్ళీ అక్కడే ఉంచి నూలు తాడుతో కట్టాను. ఈ వానలకి అంటుకుంటుందంది పక్కింటావిడ. వచ్చే ఆదివారం ఫోన్ దగ్గరగా పెట్టి ఆకు వెనకవైపు చూపిస్తాను. కళ్ళజోడు పెట్టుకుని కూర్చో.

నీ
చిన్నమ్మాయి