అప్పుతో పుట్టే డబ్బు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో ఇటీవల బ్యాంకుల మీద వచ్చిన వ్యాసంలో, ప్రజలు దాచుకున్న సొమ్మునే బ్యాంకులు పోగుచేసి అవసరమైనవారికి అప్పుగా ఇస్తాయన్న మాట చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో నేనూ అదే చదువుకున్నాను. బ్యాంకు ఉద్యోగంలో చేరి రుణాల విభాగంలో కూర్చున్నాక గాని అందులో నిజం ఎంత తక్కువో తెలిసిరాలేదు.

అప్పు మంజూరైన రోజున జరిగేది చాలా చిన్న పని. పది లక్షలు తీసుకునే మనిషి కాగితాల మీద సంతకాలు పెడతాడు. గుమాస్తా రెండు పద్దులు రాస్తాడు. రుణ ఖాతాలో ఆ మనిషి పేరిట పది లక్షల బాకీ, అతని మామూలు ఖాతాలో పది లక్షల జమ. ఈ సొమ్ము ఏ డిపాజిటుదారు ఖాతాలోంచీ తీసింది కాదు. ఆ సాయంత్రం లెక్కలు కట్టి చూస్తే ఎవరి నిల్వా రవ్వంతయినా తగ్గి ఉండదు. సంతకానికి ముందు లోకంలో లేని పది లక్షలు సంతకం తర్వాత ఉన్నాయి. ఇలాంటి పద్దులు నేను వందలకొద్దీ రాశాను. డబ్బును పుట్టిస్తున్నానన్న ఆలోచన మాత్రం చాలా ఏళ్లదాకా రానేలేదు. ఎవరైనా అడిగి ఉంటే, దాచుకున్నవాళ్ల సొమ్మే తిప్పుతున్నామని ధీమాగా చెప్పేవాణ్ణి.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. డిపాజిట్లు వచ్చాక అప్పులు ఇవ్వడం కాదు, అప్పులు ఇవ్వడంతోనే డిపాజిట్లు పుడతాయని బ్రిటన్ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో విడమరిచి చెప్పింది. అప్పట్లో బ్రిటన్‌లో ప్రజల చేతుల్లో ఉన్న డబ్బులో 97 శాతం బ్యాంకు డిపాజిట్లే. నోట్లూ నాణేలూ కలిపినా 3 శాతమే. ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తోందా లేదా అన్న ఒక్క విషయం మీదే వాదులాడుకుంటూ ఉంటే, మిగతా 97 శాతం ఎక్కడ పుడుతోందో ఎవరూ అడగరు.

అలాగని బ్యాంకులు ఇష్టమొచ్చినంత డబ్బు సృష్టించగలవని అర్థం కాదు. అప్పు తీసుకున్నవాడు ఆ సొమ్మును వేరే బ్యాంకు ఖాతాదారుకు చెల్లించగానే, అప్పిచ్చిన బ్యాంకు కేంద్ర బ్యాంకు (మన దేశంలో రిజర్వు బ్యాంకు) దగ్గరున్న తన నిల్వల్లోంచి ఆ మేరకు సర్దాలి. డిపాజిట్ల కోసం బ్యాంకులు ఎగబడేది ముఖ్యంగా ఇందుకే. దీనికితోడు, ఇచ్చే అప్పులకు తగ్గట్టు వాటాదారుల సొంత సొమ్ము కొంత ఉండాలనే మూలధన నిబంధనలు ఉంటాయి, కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు ఉంటుంది, తిరిగి కట్టగల మనిషీ దొరకాలి. అమెరికాలో 2020 మార్చిలో బ్యాంకుల తప్పనిసరి నిల్వల నిష్పత్తిని, అంటే డిపాజిట్లలో తప్పక పక్కన ఉంచాల్సిన వాటాను, సున్నా చేసినా అప్పులు ఆకాశానికి అంటకపోవడానికి కారణం ఈ కట్టుబాట్లే.

అప్పు తీర్చినప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది: అసలు కట్టిన మేరకు బాకీ పద్దూ జమ పద్దూ రెండూ చెరిగిపోతాయి, డబ్బు మాయమవుతుంది. అందరూ ఒకేసారి అప్పులు తగ్గించుకుంటే, లేదా బ్యాంకులే కూలితే ఏమవుతుందో 1929, 1933 మధ్య అమెరికా చూసింది. అక్కడి డబ్బు మొత్తం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. ఇక్కడొక అపోహనూ తొలగించాలి. అసలును సృష్టించిన బ్యాంకు వడ్డీని సృష్టించదు కాబట్టి అప్పులన్నీ ఎన్నటికీ తీరవని కొందరు వాదిస్తారు. వడ్డీ బ్యాంకు పెట్టెలో పడి ఉండిపోదు; జీతాలుగా, వాటాదారుల లాభాలుగా మళ్లీ సమాజంలోకే వస్తుంది. మంచి వాదనను ఇలాంటి చెడ్డ లెక్కతో బలహీనపరచుకోకూడదని నా మనవి.

అసలు చర్చించవలసింది, కొత్తగా పుట్టే డబ్బు మొదట ఎవరి చేతికి చేరుతోందన్నది. కొత్త డబ్బు అన్ని ధరలనూ ఒకేసారి పెంచదని, ముందు అందుకున్నవారు పాత ధరలకు కొనుక్కుంటారని, చివరగా అందుకున్నవారు పెరిగిన ధరలు మోస్తారని ఆర్థికవేత్త రిచర్డ్ కాంటిలాన్ 18వ శతాబ్దంలోనే గమనించాడు. ఈనాటి బ్యాంకు వ్యవస్థలో ముందు వరుస తనఖా పెట్టడానికి ఆస్తి ఉన్నవారిది. అభివృద్ధి చెందిన 17 దేశాల లెక్కలు తీసిన ఆర్థిక చరిత్రకారులు, 1900 ప్రాంతంలో బ్యాంకు రుణాల్లో సుమారు 30 శాతంగా ఉన్న స్థిరాస్తి తనఖా అప్పులు నూరేళ్లలో దాదాపు రెట్టింపు వాటాకు చేరాయని తేల్చారు. కొత్త యంత్రానికి ఇచ్చిన అప్పు డబ్బుతోపాటు సరుకునూ పెంచుతుంది. ఎప్పుడో కట్టిన ఇంటిని కొనడానికి ఇచ్చిన అప్పు ఒక్క ఇటుకను కూడా అదనంగా పేర్చదు, ఆ ఇంటి ధరను మాత్రం పెంచుతుంది. పెరిగిన ధర మరుసటి అప్పుకు హామీ అవుతుంది. సొంతిల్లు లేని మనిషి ఏ అప్పూ చేయకుండానే ఈ భారాన్ని అద్దె రూపంలో మోస్తాడు.

2008 సంక్షోభం తర్వాత కేంద్ర బ్యాంకులు కొత్తగా పుట్టించిన డబ్బుతో పెద్దఎత్తున బాండ్లు (ప్రభుత్వాల, కంపెనీల అప్పు పత్రాలు) కొన్నప్పుడూ ఇదే కథ. తన కొనుగోళ్ల వల్ల ఆస్తుల ధరలు పెరిగాయని, పింఛను నిధులు పోను మిగిలిన ఆర్థిక ఆస్తుల్లో 40 శాతం, సంపదలో అందరికంటే పైనున్న 5 శాతం కుటుంబాల దగ్గరే ఉన్నాయని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే 2012లో ఒప్పుకుంది. ఆ కొనుగోళ్లు లేకపోతే నిరుద్యోగం మరింత పెరిగేదని కూడా అది వాదించింది. ఆ మాటను కొట్టిపారేయలేను.

డబ్బు పుట్టించే అధికారాన్ని బ్యాంకుల నుంచి పూర్తిగా తీసేయాలన్న ప్రతిపాదన కొత్తది కాదు. 1930లలో అమెరికా ఆర్థికవేత్త అర్వింగ్ ఫిషర్ వంటివారు దాన్ని గట్టిగా సమర్థించారు. 2018 జూన్‌లో స్విట్జర్లాండ్ ప్రజల ముందుకు అలాంటిదే ఓటింగుకు వస్తే నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. నేనూ అంతదూరం వెళ్లను, ఎందుకంటే ఎవరికి అప్పివ్వాలో కేంద్రంలో కూర్చున్న పదిమంది మెరుగ్గా తేల్చగలరన్న నమ్మకం నాకు లేదు. కానీ వీధి దీపం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయానికి కూడా సభ జరిపే సమాజంలో, కొత్త డబ్బు దేనికి పోవాలన్న నిర్ణయం అసలు నిర్ణయంగానే కనిపించకపోవడం నాకు మింగుడుపడదు.

అందుకే మీకు ఒక చిన్న విన్నపం. బ్యాంకు రుణాలు ఇంత శాతం పెరిగాయన్న వార్త వేసినప్పుడల్లా, అందులో ఉత్పత్తికి వెళ్లింది ఎంత, ఉన్న స్థలాలూ ఇళ్లూ చేతులు మారడానికి వెళ్లింది ఎంత అన్న రెండు అంకెలను పక్కనే వేయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి