డిశ్చార్జి కాగితంలో కాళ్ల ఊసేది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇన్‌హేలర్ సరిగ్గా వాడటం గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పనికొచ్చే వ్యాసమే. కానీ మా నాన్నగారిని ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఉన్న లోటే అందులోనూ కనిపించింది. ఊపిరితిత్తుల గురించి అంతా ఉంది, కాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

నాన్నగారికి చాలా ఏళ్లుగా సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. ఆ మధ్య ఆయాసం ముదిరి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వచ్చేటప్పుడు మందులు రాసి, అడుగున 'రెస్ట్' అని రాశారు. మేం దాన్ని తు.చ. తప్పకుండా పాటించాం. మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చిచ్చాం. నెల తిరిగేసరికి ఆయన కుర్చీలోంచి లేవాలంటే చేతులు రెండూ ఆన్చి, ఒకటి రెండు సార్లు ముందుకు ఊగితే గానీ లేవలేని స్థితికొచ్చారు. ప్యాంటు తొడల దగ్గర సంచిలా వేలాడేది. ఒకరోజు బాత్రూమ్‌కి వెళుతూ మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోయారు. ఇన్‌హేలర్ తీసుకుని పరిగెత్తాను. "ఊపిరి ఫర్వాలేదురా, కాళ్లే రావట్లేదు" అన్నారు.

అప్పుడది నాకు అర్థం కాలేదు. తర్వాత ఇంకో చోట ఫిజియోథెరపిస్టు విడమరిచి చెబితే తెలిసింది. ఈ జబ్బు తొడ కండరాన్ని కరిగిస్తుంది. ఆక్సిజన్ వాడుకుంటూ చాలాసేపు పనిచేయగలిగే పోగులు తగ్గి, ఇట్టే అలిసిపోయే రకం ఎక్కువవుతాయి. దాంతో నాలుగడుగులకే కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని సర్దుకోవడానికి ఒళ్లు మరింత గాలి అడుగుతుంది. అసలే గాలి చాలని మనిషి! ఆయాసానికి భయపడి కూర్చుంటే కాళ్లు సన్నబడతాయి, కాళ్లు సన్నబడితే ఆయాసం పెరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు పదేపదే వాడాల్సి వస్తే కండరానికి ఆ దెబ్బ కూడా తోడవుతుంది.

అక్కడికే వ్యాయామ శిక్షణకు (దీన్ని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారట) వారానికి రెండు సార్లు, ఎనిమిది వారాలు వెళ్లాం. పెద్ద యంత్రాలేమీ లేవు. ఒక వరండా, ఒక కుర్చీ, సాగే రబ్బరు పట్టీలు, వేలికి పెట్టే ఆక్సీమీటర్. మొదటి రోజు చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి నాలుగు సార్లు లేచి, అయిదోసారి కూలబడ్డారు. సున్నా నుంచి పది దాకా ఆయాసం ఎంతుందో ఆయన్నే చెప్పమనేవారు. నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటే ఆపనిచ్చేవారు కాదు. నాకు టెన్షన్‌గా ఉండేది. ఆయాసపడుతున్న మనిషిని ఇంకా నడిపించడమేమిటని ఒకసారి గట్టిగానే అడిగాను కూడా. ఈల వేస్తున్నట్టు పెదవులు బిగించి నెమ్మదిగా గాలి వదలడం అక్కడే నేర్చుకున్నారు. చివరి వారంలో వరుసగా పద్నాలుగు సార్లు లేచారు. ఊపిరితిత్తుల శక్తిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో ఊదితే మాత్రం అంకె మొదట ఎంతుందో అంతే. ఊపిరితిత్తులు బాగుపడలేదు, మనిషి బాగుపడ్డారు.

ఇది మా ఒక్కరి ఇంటి కథ అయితే ఈ ఉత్తరం రాయను. 65 అధ్యయనాలను, అంటే 3,822 మంది ఫలితాలను కలిపి 2015లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. ఈ శిక్షణతో ఆయాసం, నీరసం తగ్గుతాయని, మామూలు చికిత్సతో పోల్చి చూసే కొత్త ప్రయోగాల అవసరమే ఇక లేదని తేల్చింది. అంత రుజువున్నా పంపేవాళ్లు లేరు. అమెరికాలో సీఓపీడీతో ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్లిన వయోవృద్ధుల లెక్కలు 2020లో వచ్చాయి. మూడు నెలల్లోగా ఈ శిక్షణ మొదలుపెట్టినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మొదలుపెట్టినవాళ్లలో ఏడాది లోపు మరణాలు తక్కువ. కాస్త ఓపిక ఉన్నవాళ్లే వెళ్లారేమో, ఆ అనుమానం నాకూ ఉంది. కానీ మిగతా తొంభై ఎనిమిది మందిలో ఎందరికి ఆ మాట చెప్పి ఉంటారు?

ఆసుపత్రులకు నా మనవి ఒక్కటే. ఇన్‌హేలర్ పేరు రాసినట్టే, ఫిజియో దగ్గరికి ఏ తేదీన వెళ్లాలో కూడా ఆ కాగితంలోనే రాయండి. గుండె జబ్బో, నడిస్తే ఆక్సిజన్ పడిపోవడమో ఉంటే చూసుకుని రాయాల్సింది మీరే. అది ఇంట్లోవాళ్లు తేల్చుకునే విషయం కాదు. బీమా కంపెనీలు మంచానికి ఇచ్చే డబ్బు ఈ ఎనిమిది వారాలకూ ఇవ్వాలి. మళ్లీ చేరే ఖర్చుతో పోల్చి చూసుకోమనండి.

ఎనిమిది వారాల తర్వాత సంగతి కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి. శిక్షణ అయిపోయిందని మేం మూడు నెలలు ఊరుకున్నాం. పద్నాలుగు కాస్తా తొమ్మిదికి దిగింది. ఇప్పుడు రోజూ సాయంత్రం మళ్లీ లెక్కపెడుతున్నాం. నిన్న పదకొండు.

ఇట్లు
ఒక పాఠకుడు