శీనుగాడికి, ఫిలిప్పీన్స్‌లోని దావావో నుంచి

ఒరేయ్ శీనుగా,

ఉత్తరం రాయట్లేదని మా అమ్మ దగ్గర చాడీలు చెప్పావట. తిట్టుకో, పడతాను. అనాటమీ నన్ను నమిలేస్తోంది. ఒంట్లో బాగానే ఉంది, రోజూ వాన, మెస్సులో సాంబారు పేరుకే సాంబారు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను, నీకు చెప్పకపోతే నాకు కడుపుబ్బరం తగ్గదు.

ఇక్కడ ఆగస్టులో కదయావన్ అని పెద్ద పండగ. ఊరంతా డప్పులు, పూలు, దురియన్ పండు కంపు (దాని గురించి ఇంకోసారి, ఇప్పుడే అన్నం తిన్నాను). మా క్లాసులో ఒక మరానావో అమ్మాయి ఉంది. లానావో సరస్సు వైపు ముస్లింలు వాళ్ళు. "మా సింగ్‌కిల్ నాట్యం చూడకపోతే నీతో మాట్లాడను" అంది. వెళ్ళాం.

నాలుగు వెదురు బొంగులురా. రెండు నిలువుగా, రెండు అడ్డంగా. చివర్లు పట్టుకుని నలుగురు నేలమీద కూర్చుని టకాటకా కొడుతుంటారు. వాటి మధ్యలో రాకుమారి వేషం కట్టినావిడ రెండు చేతులా విసనకర్రలు తిప్పుకుంటూ నడుస్తుంది. వెనకాలే గొడుగు పట్టుకుని చెలికత్తె. ఒక్క అడుగు తప్పిందా, చీలమండ పచ్చడే. ఆవిడ మాత్రం కిందికి చూస్తే ఒట్టు! గడ్డం పైకెత్తి, ముఖంలో బెదురన్నది లేకుండా... పక్కన కులింతాంగ్ వాయిస్తున్న ముసలావిడ, బోర్లించిన కంచు గిన్నెల్లాంటివి వరసగా ఎనిమిది, వేగం పెంచుకుంటూ పోయింది. కుర్చీలో కూర్చున్న నేను కాళ్ళు పైకి లాక్కున్నాను.

మా సీనియర్ ఒకడు "ఇది మన రామాయణమేరా" అన్నాడు ఠీవిగా. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందీ... లెక్కల మాస్టారు ఆ రోజు నీ జేబులోంచి తేలు తీసినప్పుడు చూశారే, అదే చూపు. "ఇది మా దరాంగెన్ కథ. బంతుగన్ రాకుమారుడిది" అంది. పాడుకునే కథ అది. 17 భాగాలు, 72,000 పాదాలు. 2005లో యునెస్కో కూడా గుర్తించింది. అడవిలో దేవతలు భూకంపం పుట్టిస్తే, కూలుతున్న చెట్ల మధ్య నుంచి రాకుమారి తప్పించుకుంటుంది. ఆ చెట్లే ఈ బొంగులు. కత్తీ డాలూ పట్టుకుని మధ్యలో దూకే రాకుమారుణ్ణి స్టేజీ బృందాలు తర్వాత కలిపాయట. వాళ్ళ ఊళ్ళలో ఆడవాళ్ళదే ఈ ఆట. నాకూ వాడు లేకపోతేనే బాగుండేదనిపించింది.

"రామాయణం కావాలా? అది వేరే ఉంది" అని అప్పుడు మొదలెట్టింది. మహారాదియా లావానా. లావానా ఎవరో తెలిసిందిగా? మద్రాసు యూనివర్సిటీలో డాక్టరేట్ చేసిన హువాన్ ఫ్రాన్సిస్కో అనే పండితుడు ఆ కథ సంపాదించి 1969లో అచ్చువేయించాడు. మలయా, జావా ఓడల మీదుగా వచ్చేసరికి ఎన్ని మారాయో చూడు. రాముడు రాదియా మంగందిరి అయ్యాడు. శివధనుస్సు గల్లంతు. పేముతో అల్లిన బంతిని కాలితో తన్ని పిల్ల ఉన్న గదిలో పడేస్తే పెళ్ళి! లక్ష్మణుడి పేరేమో కోతికి పెట్టారు. ఇక బంగారు లేడి... కూర్చునే ఉన్నావా? లేడి కాదు. బంగారు కొమ్ముల మేక.

మేకరా శీనుగా! ఏడో క్లాసు వార్షికోత్సవం, మారీచుడివి నువ్వు, అట్టముక్క కొమ్ములు, కంగారులో "మే" అన్నావు. ఊరంతా నవ్వారే, హెడ్మాస్టరు కూడా! వెళ్ళి చెప్పు వాళ్ళకి, నువ్వు లానావో సంప్రదాయంలో చేశావని. నేనక్కడ ఒక్కణ్ణే పడీ పడీ నవ్వుతుంటే ఆ పిల్ల బిత్తరపోయింది. ఆమెకి నీ ఫొటో చూపించా.

వాళ్ళ ఇల్లు మరావిలో ఉండేదట. 2017లో అయిదు నెలల యుద్ధంలో పోయింది. వాళ్ళ అమ్మమ్మకి దరాంగెన్ ముక్కలు వచ్చట, ఇప్పుడు ఎవరైనా అడిగితేనే... సర్లే, ఇంత నవ్వాక ఇది ఎందుకు రాశానో.

ఆ తర్వాత పంగలాయ్ అనే నాట్యం కూడా చూశాం. సులు దీవుల తౌసుగ్ వాళ్ళది. వేళ్ళకి పొడుగాటి లోహపు గోళ్ళు తొడుక్కుని, మోకాళ్ళు కొంచెం వంచి, మణికట్టు తిప్పుతుంటే థాయ్ వాళ్ళ నాట్యం చూసినట్టే ఉంది. అంత నిదానంగా కదలడం బొంగుల మధ్య గెంతడంకంటే కష్టం. కూచిపూడి నేర్చుకుంటోందిగా మీ చెల్లి, తనకి వీడియో పంపిస్తా. వేళ్ళు ఎంత వెనక్కి వంగుతాయో చూసి

రూమ్మేట్ కింద జీప్నీ (ఇక్కడి షేర్ జీపు) ఆపేశాడు, అరుస్తున్నాడు. మళ్ళీ రాస్తా. మే!

నీ,
రాజుగాడు