ఎలివేషన్ కన్నా ముందు సెక్షన్ ఎందుకు పంపుతున్నామంటే

మా దగ్గర ఇల్లు గీయించుకుంటున్న అందరికీ నమస్కారం.

ప్లాన్ ఖాయమైన మర్నాడే ఎలివేషన్ త్రీడీ, అంటే ఇల్లు బయటినుంచి ఎలా కనబడుతుందో చూపించే బొమ్మ, పంపమని చాలామంది అడుగుతున్నారు. ఊళ్లో పెద్దవాళ్లకు చూపించాలి, రంగులు తేల్చుకోవాలి, బ్యాంకు ఫైల్లో పెట్టుకోవాలి. ఆ తొందర మాకు తెలుసు. అయినా ఇకమీదట మా ఆఫీసు నుంచి మీకు మొదట వచ్చేది సెక్షనే. ఇంటిని నిలువునా కోసినట్టు చూపించే డ్రాయింగు అది. నేల ఎత్తులు, శ్లాబులు, మిద్దె వాలు అందులో తేలాలి. మీరూ మీ మేస్త్రీ చూసి సరేనన్నాకే త్రీడీ మొదలుపెడతాం. దీనివల్ల బొమ్మ చేతికి రావడం కొంత ఆలస్యమవుతుంది. ఫీజు మాత్రం పెంచడం లేదు.

కారణం ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో గోడలు, కిటికీలు, రంగులు ఇట్టే వచ్చేస్తాయి. చిక్కంతా నేల దగ్గరా కప్పు దగ్గరా వస్తుంది. ముందు బొమ్మ గీసి తర్వాత ఎత్తులు సరిచేయబోతే బొమ్మ మొత్తం కదిలిపోతుంది, మీకు నచ్చిన ఎలివేషన్ అలాగే మిగలదు.

మొదట నేల సంగతి చెబుతాను. "ఎత్తు పదడుగులు పెట్టండి" అంటారు. గది లోపల నేల నుంచి శ్లాబు అడుగు వరకు పదడుగులా, ఈ అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేల వరకా? సాఫ్ట్‌వేర్‌కి రెండూ వేరు. లోపల పదడుగులు కావాలంటే 120 అంగుళాలు. దానిమీద శ్లాబు 5 అంగుళాలు, పైన బెడ్డూ (శ్లాబు మీద పరిచే పొర) టైలూ కలిపి ఇంకో 3 అనుకుందాం. నేల నుంచి నేలకు 128 అయింది. మెట్టు ఎత్తు 6 అంగుళాలు చొప్పున 120కి సరిగ్గా 20 వస్తాయి. మెట్లు ఎక్కేది నేల నుంచి నేలకు కాబట్టి 128కి లెక్కేస్తే, ఆ 20 పోగా 8 అంగుళాలు మిగులుతాయి. ఆ ఎనిమిదినీ చివరి మెట్టుకే వదిలేస్తే ఇంట్లో పెద్దవాళ్లు రోజూ అక్కడే తడబడతారు. 21గా పంచితే ఒక్కొక్కటి 6.1 అంగుళాలకు వస్తుంది, ఎక్కడానికి హాయిగా ఉంటుంది. కాకపోతే మెట్టు ఒకటి పెరిగితే కాలు పెట్టే పలక కూడా ఒకటి పెరుగుతుంది, అంటే పొడవులో ఇంకో 10 అంగుళాలు. 30×40 సైట్లో ఆ పది అంగుళాలు నడవాలోంచో బాత్రూంలోంచో తీయాలి. ప్లాన్ మీద సంతకం పెట్టకముందే ఇది తెలియాలి కదా.

బాత్రూం నేలదీ ఇలాంటి సంగతే. పైపుల కోసం అక్కడ శ్లాబు కిందికి దించుతారు. సాఫ్ట్‌వేర్‌లో చాలామంది ఆ గది టైలును మాత్రం దించి శ్లాబును అలాగే వదిలేస్తారు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, కోసి చూస్తేనే టైలు శ్లాబులోకి దూరి కనబడుతుంది. శ్లాబును 9 అంగుళాలు దించితే దాని కింది గదిలో ఆ మేరకు ఎత్తు 9 అడుగుల 3 అంగుళాలే. కింద వంటిల్లు ఉంటే అటకకూ చిమ్నీకీ ఆ తేడా తగులుతుంది.

ఇప్పుడు మిద్దె. నేను ఎక్కువ సమయం పెట్టేది దీనిమీదే, మీరు తక్కువ అడిగేదీ దీని గురించే.

మేం వాడేది రెవిట్ అనే సాఫ్ట్‌వేర్. అందులో నేల టూల్‌తో గీస్తే శ్లాబు పైముఖం మనమిచ్చిన లెవెల్‌కి ఆగి, మందం కిందికి పోతుంది. రూఫ్ టూల్‌తో గీస్తే అడుగుముఖం ఆ లెవెల్ మీద కూర్చుని, మందం పైకి పోతుంది. మన ఇళ్లలో పై శ్లాబు కూడా కింది అంతస్తు శ్లాబు లాంటిదే. పేరు చూసి రూఫ్ టూల్‌తో గీస్తే 5 అంగుళాలు పైకెక్కి కూర్చుంటుంది. అక్కణ్ణుంచి పిట్టగోడ, మెట్లగది తలుపు, ట్యాంకు స్టాండు అన్నీ ఆ ఐదు అంగుళాల తేడాతోనే పోతాయి. అందుకే మిద్దె శ్లాబును మేం నేల టూల్‌తోనే గీస్తాం.

తర్వాత వాలు. వాన నీరు ఈశాన్యానికి పోవాలని మీలో దాదాపు అందరూ కోరేదే. బెంగళూరులో దానికి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. 2009లో జలమండలి చట్టానికి చేసిన సవరణ ప్రకారం 1200 చదరపు అడుగులు, ఆపైన ఉన్న సైట్లలో కట్టే కొత్త ఇళ్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి. 30×40 సరిగ్గా 1200. సంపు కూడా చాలామంది ఈశాన్యంలోనే తవ్విస్తారు కాబట్టి మిద్దె నీరు అటే దిగితే పైపు దూరం తగ్గుతుంది.

కానీ వాలుకు లెక్కుంది. నూటికి ఒకటి చొప్పున 30 అడుగుల పొడవుకు 3.6 అంగుళాలు. నీరు దిగే మూల దగ్గర బెడ్డు 2 అంగుళాలుంటే, అవతలి కొసన 5.6 అవుతుంది. ఆ అవతలి కొస ఎక్కడ? నైరుతిలో. మెట్లగది, ట్యాంకు మనవాళ్లు పెట్టించుకునేదీ ఆ వైపే. శ్లాబు మీంచి కొలిచి తలుపు గడప పెడితే, బెడ్డు వేశాక గడప అందులో మునుగుతుంది. అక్టోబరు వాన గట్టిగా పడిందంటే నీళ్లు మెట్ల మీదుగా ఇంట్లోకే. పిట్టగోడ శ్లాబు నుంచి 3 అడుగులు కట్టారనుకోండి, ఆ మూల నిలబడినవాళ్లకు మిగిలేది రెండున్నర అడుగులే. పిల్లలు గాలిపటం ఎగరేసే చోట అది చాలదు. కాబట్టి మా డ్రాయింగుల్లో పిట్టగోడ, గడప ఎత్తులు ఇకనుంచి బెడ్డు పైనుంచే రాస్తాం, అదీ ఎత్తైన మూల దగ్గర.

ఈ వాలు మోడల్లో చూపించడానికి కూడా ఒక మెలిక ఉంది. శ్లాబు మూలల పాయింట్లు దించితే, మామూలుగా మొత్తం శ్లాబే ఒరిగిపోతుంది, కింది గది సీలింగు కూడా వాలుగా కనబడుతుంది. పై పొరకు వేరియబుల్ అని టిక్కు పెట్టాలి. అప్పుడు శ్లాబు చదునుగా ఉండి పైన బెడ్డు మాత్రమే ఒక వైపు పలుచగా, ఒక వైపు మందంగా వస్తుంది. బెడ్డుకు ఎంత మెటీరియల్ పడుతుందో అక్కడే తెలుస్తుంది, బరువు ఎంతో మీ స్ట్రక్చరల్ ఇంజినీరుకు చెప్పవచ్చు. శ్లాబు మందం, కమ్మీ నిర్ణయించేది ఆయనే. మా మోడల్ చూసి కాంక్రీటు పోయించకండి.

పోర్టికోకు మంగళూరు పెంకులు కావాలనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అందంగానే ఉంటాయి. మేస్త్రి "అడుగుకు ఆరంగుళాలు" అంటాడు. అది ఇంచుమించు 26.5 డిగ్రీలు. డిగ్రీలు అడిగే గడిలో 6 అని కొడితే పదడుగుల్లో కప్పు ఒక్క అడుగు కన్నా కాస్త ఎక్కువే లేస్తుంది, లేవాల్సింది అయిదడుగులు. అంత తక్కువ వాలులో పెంకుల సందుల్లోంచి నీరు వెనక్కి ఎక్కుతుంది.

చీఫ్ ఆర్కిటెక్ట్ లాంటి అమెరికా సాఫ్ట్‌వేర్లలో బయటి గోడలు గీయగానే కప్పు దానంతటదే వస్తుంది, మామూలుగా నాలుగు వైపులా వాలుతో. పెట్టె లాంటి ఇంటికి అది చక్కగా పనిచేస్తుంది. పూజగది ఓ అడుగు ముందుకొచ్చినా, హాలు ఎత్తు పడగ్గది కన్నా ఎక్కువున్నా కప్పు ముక్కలుముక్కలవుతుంది, రెండు వాలులు కలిసే చోట అవసరం లేని గాడి పడుతుంది. నీరు కారేది అలాంటి గాడుల దగ్గరే. ఆటోమేటిక్‌ని ఆపేసి, ఏ గోడకు వాలుండాలో ఏది ముక్కోణపు గోడగా నిలవాలో ఒక్కొక్కటీ మేమే చెప్పాలి. అందుకు సమయం పడుతుంది.

మీ అబ్బాయో అల్లుడో స్వీట్ హోమ్ త్రీడీలోనో స్కెచప్‌లోనో చేసిన మోడల్ పంపితే సంతోషంగా చూస్తాం. గదుల మీద మీ మనసులో ఏముందో దాంట్లోనే బాగా తెలుస్తుంది. వాటిలో మాటిమాటికీ కనబడేవి రెండు. ఒకటి, గోడల మూలలు వెంట్రుకవాసి కలవక గదికి నేలే రాకపోవడం. స్కెచప్‌లోనైతే గీతలన్నీ ఒకే మట్టంలో లేకపోయినా ముఖం మూసుకోదు. రెండోది, తిరిగి చూస్తుంటే నేల మినుకుమినుకుమనడం. టైలూ శ్లాబూ ఒకే ఎత్తులో ఒకదానిమీద ఒకటి పడితే ఏది పైనో కంప్యూటర్ తేల్చుకోలేదు. కంప్యూటర్ చెడిపోయిందని కంగారుపడకండి, ఒకదాన్ని తీసేస్తే పోతుంది.

ప్రస్తుతం మా దగ్గర పని నడుస్తున్నవాళ్లు నాలుగు సంగతులు వాట్సాప్‌లో పంపండి: రోడ్డు మట్టం నుంచి బేస్‌మెంట్ ఎంత లేపాలనుకుంటున్నారు, నేలకు టైలా గ్రానైటా, బాత్రూం ఎంత దించుతామని మేస్త్రి అంటున్నాడు, మిద్దె నీరు ఏ మూలకు దిగాలి. మదనపల్లె, హిందూపురం వైపు కట్టుకుంటున్నవాళ్లు అక్కడి మేస్త్రిని కూడా ఫోన్లో కలపండి, సెక్షన్ ముందు పెట్టుకుని ముగ్గురం మాట్లాడుకుందాం. ఇప్పటికే పిల్లర్లు లేచినవాళ్లు పాత డ్రాయింగు చూసి మెట్లకు సెంట్రింగ్ కొట్టించకముందు ఒకసారి టేపు పట్టి నేల నుంచి నేలకు కొలిచి ఆ ఫోటో పంపండి. ఆ అంకె వచ్చాక మెట్ల లెక్క కొత్తగా వేసి పంపుతాం, దానికి విడిగా డబ్బు అడగం.